పొద్దుగాల లేస్తే అమ్మకు మడిమె కింద పెట్టనిస్తలేదు, ఎవలకన్న తెలిస్తే చెప్పుండ్రి

చండూరు చిన్నోడు:
అందరికి నమస్తే. మాది చండూరు దగ్గర ఊరు. అమ్మకు 52 ఏండ్లు, షుగర్ లేదు, బీపీ గోలి ఏసుకుంటది. రెండు నెలల సంది కుడికాలు మడిమె నొప్పి. పొద్దుగాల మంచం దిగి మొదటి అడుగు ఏస్తే ముల్లు గుచ్చినట్టయితదట, గోడ పట్టుకొని పది అడుగులు నడిస్తే జర సదురుకుంటది, మళ్ళ పత్తి చేన్ల కాసేపు కూసొని లేస్తే అదే కత. ఊర్ల ఆరెంపీ దగ్గరికి పోతే మడిమెల సూది ఏసిండు, పదిహేను దినాలు మంచిగున్నది, మళ్ళ మొదలైతే ఇంకోటి ఏసిండు, ఇప్పుడు మూడోది ఎయ్యాలంటుండు. ఎక్స్‌రే తీపిస్తే ఎముకకు ముల్లు పెరిగిందని రాసిచ్చిన్రు. ఆపరేషన్ చేసి ముల్లు తీసెయ్యాలె అని ఒకలు, అదంత ఫ్లోరైడ్ నీళ్ళ వల్లనే అని ఇంకొకలు. నేను హైదరాబాద్ల ఉంట, ఆదివారం ఊరికి పోతున్న, పోయేలోపల ఏదన్న తెలుసుకుందామని అడుగుతున్న.

మర్రిగూడ మామ:
పరేషాన్ గాకు అల్లుడా. నాలుగు జిల్లేడాకులు తెంపుకరా, ఆముదం రాయి, ఇటుకపెళ్ల పొయ్యిల కాల్చి దాని మీద ఆకులు పరిచి మడిమె మోపియ్యి. మా అవ్వ గదే చేసేది. నల్లజీడి గింజ కాల్చి పెడ్తే ఇంక జల్ది తక్కువైతది గని జీడి పెట్టెటోళ్లు ఇప్పుడు దొరుకుతలేరు. ఇగ ఫ్లోరైడ్ అంటవా, మా మండలంల దాని పేరు ఎత్తకుంట ఏ నొప్పీ లేదు, నడుము పట్టినా అదే, పోరనికి పిల్ల దొరక్కపోయినా అదే.

సిస్టరమ్మ దేవరకొండ:
తమ్మీ, నేను స్టాఫ్ నర్సును, డాక్టర్‌ను గాదు, ముందే చెప్తున్న. ఇరవై ఏండ్ల సంది డ్యూటీల చూసింది చెప్తా. పొద్దుగాల మొదటి అడుగుకు నొప్పి, నడిస్తే తగ్గుడు, కూసొని లేస్తే మళ్ళ రావుడు, ఇది వింటేనే సగం తెలుస్తది, ప్లాంటార్ ఫేషియైటిస్ అంటరు దీన్ని. అరికాలు కింద మడిమె ఎముక కాడికెల్లి వేళ్ళ దాంక ఒక గట్టి పట్టీ ఉంటది, విల్లుకు తాడు కట్టినట్టు. రాత్రంత పండుకున్నప్పుడు అది ముడుచుకుంటది, పొద్దుగాల ఒక్కసారి ఒంటి బరువంత దాని మీద పడంగనే మడిమె కాడ గుంజుతది. ఎక్స్‌రేల ముల్లు గురించి భయపడొద్దు, ఏ నొప్పీ లేనోళ్లకు తీసినా మస్తుమందికి ఆ ముల్లు కనవడ్తది, అందుకే ముల్లు కోసేస్తే నొప్పి పోతదన్న గ్యారంటీ లేదు. ఆపరేషన్ దాంక పోయేటోళ్లు చానా తక్కువ.

మూడో సూది మాత్రం వద్దు. అది స్టెరాయిడ్ సూది అయ్యుంటది, ఒకసారి సరైన చేతుల పడితే తప్పేం గాదు, నొప్పి కొన్ని వారాలు తగ్గుతది. గని మీదికెల్లి మీదికి ఏస్తే మడిమె కింద మెత్తగ ఉండే కొవ్వు పల్సవడ్తది, ఆ పట్టీనే తెగే ప్రమాదం గూడ ఉన్నది. ఇంకొకటి, అమ్మకు బీపీ ఉన్నదన్నవు, డైక్లోఫెనాక్ అసొంటి నొప్పి గోలీలు మెడికల్ షాపుల అడుక్కొని రోజూ మింగితే బీపీ పెరుగుతది, కిడ్నీల మీద పడ్తది. అమ్మ చెప్పకుంట మింగుతుందేమో కొంగు ముడి చూడు, మా అత్తమ్మ కొంగుల ఎప్పుడూ రెండుంటయి.

ఫ్లోరైడ్ సంగతికొస్తే, నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు, ఏండ్లకేండ్లు తాగినోళ్లకు ఎముకలు, లిగమెంట్లు సున్నం కట్టినట్టు గట్టివడ్తయి, అది నిజమే, మునుగోడు మర్రిగూడ దిక్కు అది చూడని ఇల్లు లేదు. గని అది వచ్చినోళ్లకు మెడ తిరగది, నడుము వంగది, కీళ్ళు పట్టేస్తయి. ఒక్క మడిమె ఒక్కటే నొస్తే దాని మీదికి తోసెయ్యొద్దు.

ఫిజియో వనపర్తి:
సిస్టర్ గారు చెప్పింది కరెక్ట్. నేను ఫిజియోథెరపీ చేస్త, రోజుకు నలుగురన్న ఈ నొప్పితోనే వస్తరు, అండ్ల ముగ్గురు ఆడోళ్ళే, కొత్తగ ఇంటికి టైల్స్ ఏపిచ్చుకున్నోళ్ళు మరీ. వెనకట పేడ అలుకు నేల మీద నడిసిన కాళ్ళు ఇప్పుడు పొద్దంత బండల మీద ఉత్త కాళ్ళతోటి నిలవడ్తున్నయి కద.

అమ్మతోటి ఇవి చేపియ్యి. పొద్దుగాల కళ్ళు తెరవంగనే మంచం దిగొద్దు, కూసొని కాలు సాపి, తువ్వాల అరికాలుకు ఏసి రెండు చివరలు చేతులతోటి తన దిక్కు గుంజాలె, ముప్పై లెక్కవెట్టి ఇడవాలె, అట్ల మూడుసార్లు. తర్వాతనే కాలు కింద పెట్టాలె. రెండోది గోడకు చేతులానించి, నొప్పి కాలు ఎనక్కి పెట్టి, మోకాలు వంచకుంట మడిమె నేలకు ఆనిచ్చి ముందుకు వంగాలె, పిక్క గుంజినట్టు అయితది, అదీ ముప్పై లెక్క, మూడుసార్లు, దినాం రెండు మూడు పూటలు. చానామందికి పిక్క బిగుసుకునే మడిమె నొస్తది, మడిమె ఒత్తితే ఏం లాభం. మూడోది, వాటర్ బాటిల్ల నీళ్ళు పోసి ఫ్రిజ్జుల గడ్డకట్టిచ్చి, పల్సటి గుడ్డ చుట్టి, అరికాలు కింద పెట్టుకొని పది పదిహేను నిమిషాలు ముందుకు ఎనక్కి దొర్లియ్యాలె.

వారంల తక్కువ గావాలంటే గాదు. రెండు మూడు నెలలు పడ్తది, కొందరికి ఏడాది గూడ. అందుకే ఎవ్వలూ చెయ్యరు, సూదికే ఉరుకుతరు.

చండూరు చిన్నోడు:
మస్తు థ్యాంక్స్ అక్కా ఇద్దరికి. కొంగు సంగతి నిజమే, ఫోన్ చేసి అడిగితే మాట మార్చింది. ఇగ ఇంట్ల గూడ చెప్పులేసుకోవాల్నా?

ఫిజియో వనపర్తి:
అవు, అదే అన్నిటికంటె ముఖ్యం. ఇంట్ల గూడ మెత్తటి చెప్పు, మడిమె కాడ జర ఎత్తుండేది. హవాయి చెప్పు గాదు, అది అరిగి అప్పడమైనంక ఉన్నా లేకున్నా ఒకటే.

మిర్యాలగూడ వరిచేను:
ఇదే దాంట్ల నాది గూడ అడుగుత, కొత్త ముచ్చట పెట్టుడెందుకు. మా ఆడోళ్ళు నాట్లకు పోతే పదిహేను ఇరవై దినాలు బురదలనే, చివరి రెండు వేళ్ళ సందుల తోలు తెల్లగ నాని పాసిపోతది, దురద, వాసన, తర్వాత పగిలి మంట. మెడికల్ షాపుల ఒక మలాం ఇస్తరు, రెండు రోజులల్ల మాయమైతది, వారానికి మళ్ళ డబులొస్తది. మా వదినెకైతె పాదం మీదికెక్కి గుండ్రగ మచ్చలైనయి. కిరసనాయిలు పూస్తె చస్తదంటున్నరు, నిజమేనా?

సిస్టరమ్మ దేవరకొండ:
కిరసనాయిలు పూస్తె పురుగు సావది, తోలు సస్తది. అది ఫంగస్, తడి ఉన్నకాడ పెరుగుతది. ఆ మలాం ట్యూబు మీద సన్నటి అక్షరాలు ఫోటో తీసి పెద్దగ చేసి చదువు. బీటామెథసోన్ అనో క్లోబెటాసోల్ అనో ఉన్నదంటే అండ్ల స్టెరాయిడ్ కలిపిన్రన్నట్టు. అది దురదను రెండు రోజులల్ల ఆపుతది, ఫంగస్‌ను ఆపది, తినవెట్టి పెంచుతది. అందుకే మీ వదినెకు పాదం మీదికెక్కింది. ఒట్టి క్లోట్రిమజోల్ ఉన్న మలాం తీసుకొని రోజుకు రెండుసార్లు పూసి, తగ్గినట్టు కనవడినా ఇంక రెండు వారాలు ఇడవొద్దు. మందుకంటె ముందు పని ఏందంటే చేన్లకెల్లి రాంగనే సబ్బుతోటి కడిగి వేళ్ళ సందులు పొడి బట్టతోటి తుడుసుడు, ప్రతి సందు, మనం కాళ్ళు కడుగుతం గని సందులు ఎన్నడు తుడుస్తం చెప్పు. పాదం మీదికెక్కినోళ్లు చర్మం డాక్టర్‌కు చూపియ్యాలె, గోలీలు గూడ అవసరం పడొచ్చు.

లారీ 06:
నాకు బొటనేలు. దసరా తెల్లారి రాత్రి రెండింటికి లేసిన, బొటనేలు మొదలు ఎర్రగ ఉబ్బి, దుప్పటి అంచు తాకినా పానం పోయినట్టయింది. క్లచ్ తొక్కుడు నా తోని గాలే, బండి సడక్ పక్కకు ఆపి క్లీనర్ పోరన్ని లేపిన. ఏం తాకిందో అని రెండు రోజులు పసుపు కట్టిన.

సిస్టరమ్మ దేవరకొండ:
దసరా నాడు ఏం తిన్నవ్ ఏం తాగినవ్ అన్నా?

లారీ 06:
అందరు తిన్నదే. మటన్, బోటి, కార్జం. బీర్లు నాలుగో అయిదో.

సిస్టరమ్మ దేవరకొండ:
అది గౌట్ లెక్కనే ఉన్నది. ఒంట్ల యూరిక్ యాసిడ్ ఎక్కువై సన్నటి సూదులసొంటి పలుకులై కీలుల జమైతది, ఎక్కువగ బొటనేలు మొదట్లనే ముందుగాల పట్టుకుంటది. బోటి, కార్జం, బీరు మూడూ దాన్ని పెంచేటియే. నొప్పి ఉన్నప్పుడు రక్తం ఇస్తె యూరిక్ యాసిడ్ నార్మల్ అని గూడ రావొచ్చు, దాన్ని నమ్మి ఏం లేదనుకోవద్దు, నొప్పి తగ్గినంక రెండు వారాలు ఆగి మళ్ళ చేపియ్యాలె. తగ్గిచ్చే మందులు మంచియే ఉన్నయి, గని అవి డాక్టర్ మొదలువెట్టాలె. జరం వచ్చి కీలు కాలిపోతున్నట్టుంటే ఆగొద్దు, అది చీము గూడ కావొచ్చు. బీడీ తాగుతవా?

లారీ 06:
తాగుత. బీడీకి బొటనేలుకు ఏం సంబంధం సిస్టరూ.

సిస్టరమ్మ దేవరకొండ:
గౌట్‌కు లేదు. గని బీడీ తాగెటోళ్లకు కాళ్ళ రక్తనాళాలు మూసుకపోతయి, ఇంత దూరం నడిస్తే పిక్క పట్టేస్తది, ఆగితే తగ్గుతది, తర్వాత వేళ్ళు చల్లగయి నల్లవడ్తయి. నలభై ఏండ్లు నిండనోళ్ళు, షుగర్ లేనోళ్ళు గూడ వేళ్ళు పోగొట్టుకునుడు చూసిన నేను. దానికి పెద్ద మందు బీడీ ఇడుసుడే, రోజుకు ఒక్కటి తాగినా ఆగది. అడిగినవు కాబట్టి చెప్పిన.

ఉద్దాలోళ్ల పిలగాడు:
అన్నలు అక్కలు, నేను డాక్టర్ను గాదు, నర్సును గాదు. మా నాయిన చెప్పులు కుడ్తడు, నేను గూడ డిగ్రీ అయినంక అదే షాపుల కూసుంటున్న, పాలమూర్ల. మాకు మనిషి కన్న ముందు చెప్పు కనవడ్తది. చెప్పు తిరగేస్తే కాలు కత అంత దాని మీదనే రాసుంటది. మడిమె బయటి అంచు జర అరిగితే అందరికి ఉండేదే. లోపలి అంచు అరిగి చెప్పు లోపలికి ఒరిగిపోయిందంటే అరికాలు చదునుగున్నట్టు, వాళ్ళకు మడిమె నొప్పి, మోకాలు నొప్పి రెండూ రావొచ్చు. రెండు చెప్పులల్ల ఒక్కటే అరిగిందంటే ఇంకో కాలు నొస్తుండొచ్చు, బరువంత దీని మీదనే ఏస్తుండొచ్చు.

ఆనెకాయలోళ్ళు వస్తరు. అన్నా దీన్ని కోసెయ్యి నీ కత్తి మస్తు పదునుంటది కద అంటరు, నిజంగ అంటరు. మా నాయిన కొయ్యడు. ఆనె ఎక్కడున్నదో అక్కడ సుద్ద రాసి చెప్పుల నిలవెడ్తడు, సుద్ద అంటుకున్నకాడ చెప్పు లోపలి పొర గుంత చేస్తడు, ఒక రూపాయి బిళ్లంత. బరువు చుట్టూతా పడ్తది గని ఆనె మీద పడది. నెల రెండు నెలలకు అదే మెత్తవడ్తది. ఆనె అంటే ఏంది, ఒరుసుకునే కాడ తోలు తనను తాను కాపాడుకునుడే, ఒరుపు ఆపకుంట ఎన్ని సార్లు కోసినా మళ్ళ మొలుస్తది.

ఇంకో మాట అడగకున్నా చెప్త. మా దిక్కు కురుమూర్తి జాతర్ల స్వామి ఉద్దాలు, అంటే స్వామి పాదుకలు, వడ్డెమాన్ల మావోళ్ళే కుట్టి ఇస్తరు, ఉపాసం ఉండి, దీపావళి అయినంక. అవి ఊరేగొస్తుంటే పెద్ద పెద్దోళ్ళు నెత్తి మీద మోపిచ్చుకుంటరు, వీపు తట్టిచ్చుకుంటరు, రోగాలు పోతయని. అదే మనిషి మా షాపుకొచ్చి తెగిన చెప్పు చేతికియ్యడు, కాలుతోటి నూకుతడు. పోనియ్యి. చెప్పు గురించి అడిగిన్రు కాబట్టి యాదికొచ్చింది.

కోస్గి కోడలు:
చెప్పుల తమ్ముని మాటలు చదివి జర సేపు ఏం తోచలే నాకు. నాది చిన్నదే, మడిమెలు పగిలి నెత్తురొస్తున్నయి, చలికాలం మరీ. మా అత్త మైనం కాల్చి పోసుకోమంటది.

సిస్టరమ్మ దేవరకొండ:
మైనం చల్లారినంక పూస్తే తడి ఆరకుంట ఆపుతది, కాల్చి పోసుకుంటె కాలుతది. పండుకునేముందు గోరువెచ్చని నీళ్లల్ల పది నిమిషాలు పెట్టి, కాళ్ళు రుద్దే రాయితోటి మెల్లగ రుద్ది, తడి తుడిచి వెంటనే వాజలీన్ పూసి సాక్సు ఏసుకో. తోలు మందమైతే యూరియా కలిసిన క్రీము దొరుకుతది, 10 శాతంది మొదలువెట్టు, మరీ మందముంటే 20 దాంక. పగుళ్ళల్ల బ్లేడు పెట్టొద్దు. ఎన్ని పూసినా తగ్గకపోతే, చేతులకు గూడ ఉంటే, సోరియాసిస్ గూడ కావొచ్చు, చూపియ్యాలె.

మర్రిగూడ మామ:
మీరందరు జీడిని మర్చిపోయిన్రు. మా తాతకు అరికాల్ల ముల్లు ఇరిగితే జీడి కాల్చి పెట్టిన్రు, మల్ల నొప్పి అన్నడా అంటే అనలే.

అచ్చంపేట బాటసారి:
మామా, నొప్పి అనలే అంటే మానిందనే గాదు. మా నాయిన సంగతి చెప్త. ఇది రాయాల్నా వద్దా అని రెండు రోజులు ఆగిన.

నాయినకు తొమ్మిదేండ్ల సంది షుగర్. ఏటేటా శివరాత్రికి దీక్ష తీసుకొని మన్ననూర్ మీదికెల్లి శ్రీశైలం నడుస్తడు, చెప్పులు లేకుంట. ఆ ఏడు గూడ పోయిండు. పగటీలి తారు రోడ్డు సంగతి నడిసినోళ్లకే తెలుస్తది, పక్కన నడిసెటోళ్లు గడ్డి మీదికి ఉరుకుతుంటె నాయిన రోడ్డు మీదనే నిమ్మళంగ నడిసిండట. స్వామి దయ, నాకేం కాల్తలేదు అన్నడట. మేమందరం అదే నమ్మినం, మా అమ్మ అందరికి చెప్పుకున్నది గూడ. ఇంటికొచ్చిన రెండో రోజు పక్క బట్టలు తడిసి వాసనొస్తే అప్పుడు చూసినం, రెండు అరికాళ్ళు బొబ్బలు లేసి పగిలి, ఎడమ బొటనేలు కింద ఎలక కొరికినట్టున్నది. ఆయనకు అప్పటికీ నొప్పి లేదు. టీ తాగుకుంట కూసున్నడు.

ఊర్ల కట్టు కట్టిచ్చినం, పది రోజులల్ల వేలు నల్లవడ్డది. హైదరాబాద్ల ఒక ప్రైవేట్ దవాఖానకు తీస్కపోతే మోకాలు కింది దాంక తీసెయ్యాలె, రేపే, పైసలు కట్టుండ్రి అన్నరు. అమ్మ ఏడ్చింది. నాకు తెలిసిన ఒకాయన ఆగు అని సర్కారు పెద్ద దవాఖానకు తోలిండు. అక్కడ డాప్లర్ పెట్టి కాల్ల రక్తం ఎంత దాంక పోతుందో చూసిన్రు, మడమ దాంక మంచిగ పోతుంది. ఒక్క వేలు తీసిన్రు, చీము కడిగిన్రు, ఇన్సులిన్ పెట్టిన్రు, కొన్ని వారాలు కాలు మీద బరువు పడకుంట కట్టు. అయిదు నెలలకు మానింది. ఇప్పుడు నడుస్తుండు. రక్తం పోతుందా లేదా చూడకుంట కాలు తీస్తమన్నోళ్ళను ఏమనాలో నాకు ఇప్పటికీ తెల్వదు.

సిస్టరమ్మ దేవరకొండ:
తమ్మీ రాసి మంచి పని చేసినవు. షుగర్ ఏండ్లకేండ్లు ఉంటే కాల్ల నరాలు మొద్దుబారుతయి. మొదలు తిమ్మిర్లు, మంటలు, రాత్రిపూట దూది మీద నడిసినట్టు, ఆ తర్వాత ఏముండది. మంటలు తగ్గినయని మనోళ్ళు సంబురపడ్తరు, ఒక్కోసారి అప్పటికి నరం మొత్తానికే పడుకున్నదన్నట్టు. షుగర్ క్లినిక్‌ల 10 గ్రాముల మోనోఫిలమెంట్ అని ఒక సన్నటి ప్లాస్టిక్ దారం ఉంటది, కండ్లు మూపిచ్చి అరికాల్ల అక్కడక్కడ ఆనిస్తరు, తెలుస్తలేదంటే కాలు ప్రమాదంల ఉన్నట్టు. నిమిషం పని, నొప్పి లేదు, ఏడాదికోసారన్న చెయ్యమని అడగాలె, అడగకుంటే చానా చోట్ల చెయ్యరు. మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి మింగెటోళ్లకు బీ12 తగ్గి గూడ తిమ్మిర్లొస్తయి, అది పరీక్ష చేపిచ్చుకుంటే మందున్నది.

ఇంట్ల రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోవాలె, వంగలేనోళ్ళు అద్దం కింద పెట్టి. వేడినీళ్ళు కాలుతోటి చూడొద్దు, మోచేయితోటి చూడాలె. మెడికల్ షాపుల దొరికే ఆనెకాయ ప్లాస్టర్ల సాలిసిలిక్ యాసిడ్ ఉంటది, షుగరోళ్లు దాన్ని పెట్టుకోనే వద్దు, అది ఆనెతోపాటు మంచి తోలును గూడ తింటది, నొప్పి తెల్వదు కాబట్టి ఆగరు. జీడి, జిల్లేడు పాలు గూడ అంతే మామా, జీడి రసానికి మంచి తోలే బొబ్బలెక్కుతది. చిన్న పుండైనా రెండు రోజులల్ల తగ్గకపోతే దవాఖానకు, ఎర్రదనం పైకి పాకుతుంటే ఆ పూటనే.

ఇగ షుగర్ లేకుంట గూడ తిమ్మిరి ఉండి తోలు మీద రంగు తగ్గిన మచ్చ, అక్కడ గుచ్చినా తెలుస్తలేదంటే పీహెచ్‌సీల చూపియ్యిండ్రి, అది కుష్టు గావొచ్చు, మందు ఉచితం, ఆరు నెలలో ఏడాదో మింగితే పూర్తిగ తగ్గుతది. దాచిపెట్టుకునుడే దాంట్ల పెద్ద రోగం.

మర్రిగూడ మామ:
సరే తల్లీ. జీడి మాట వాపస్ తీసుకుంటున్న. నాకు గూడ ఆరేండ్ల సంది షుగర్ ఉన్నది, ఇక్కడ చెప్పలే.

స్లాబు మేస్త్రి పాలమూరు:
మా సంగతి ఎవ్వలు రాయలే. స్లాబ్ పోసేనాడు తడి సిమెంట్ బూట్లల్ల పడ్తది, పనిల తెల్వది, మాపటికి పాదాలు బుసబుస మండి, తెల్లారికి తోలు నల్లగై ఊడ్తది. బూట్లు లేకపోయినా అంతే, ఉన్నా అంతే.

సిస్టరమ్మ దేవరకొండ:
తడి సిమెంట్ సున్నం లెక్కనే క్షారం, తోలును నెమ్మదిగ తింటది, అందుకే అప్పటికప్పుడు తెల్వది. బూటు లోపల పడితే ఇంక అన్యాయం, అది అండ్లనే పట్టుకుంటది. పడ్డదని తెల్వంగనే బూటు సాక్సు ఇప్పేసి పైపు కింద పారే నీళ్ళతోటి ఇరవై నిమిషాలన్న కడగాలె. నిమ్మకాయ, ఎనిగర్ లాంటియి పొయ్యొద్దు. తోలు నల్లవడ్డా తెల్లగ గట్టివడ్డా దవాఖానకు పోవాలె. ప్యాంటు బూటు మీదికి రావాలె, బూటుల దోపొద్దు.

స్లాబు మేస్త్రి పాలమూరు:
పొద్దంత పని ఆపి ఇరవై నిమిషాలు నీళ్ళు అంటే కాంట్రాక్టర్ ఊకుంటడా. అయినా చెప్త మావోళ్లకు. ప్యాంటు సంగతి మేం ఉల్టా చేస్తున్నం.

నకిరేకల్ నిమ్మతోట:
మా అవ్వకు బోదకాలు. పింఛను వస్తుంది గని నెలకోసారి చలిజరం వచ్చి కాలు ఎర్రగ ఉబ్బుతది. దానికేమన్న ఉన్నదా లేక అంతేనా?

సిస్టరమ్మ దేవరకొండ:
ఉబ్బిన కాలు మొదటికి రావుడు కష్టం గని ఆ జరాలు ఆపొచ్చు. అవి ఎక్కువ ఫైలేరియా పురుగు వల్ల గాదు, వేళ్ళ సందులు పగిలినకాడికెల్లి సూక్ష్మక్రిములు లోపలికి పోయి వస్తయి. రోజుకు రెండుసార్లు సబ్బుతోటి మడతలన్ని కడిగి, మెత్తగ ఒత్తి తుడిచి, సందులు పాసితే క్లోట్రిమజోల్ పూయాలె. పండుకున్నప్పుడు కాలు కింద దిండు. జరం వచ్చిననాడు వేడి కాపడం వద్దు, దవాఖానల యాంటీబయాటిక్ ఇస్తరు. కడుగుడు ఒక్కటి పద్ధతిగ చేసినోళ్లకు ఆ జరాలు చానా తగ్గుడు నేను చూసిన.

అడ్మిన్:
ఇక్కడ డాక్టర్ల నంబర్లు, షాపుల నంబర్లు పెట్టకండి, రెండు పోస్టులు తీసేసిన. బొటనేలు గోరు లోపలికి దిగిందని అడిగిన ఆయనకు జవాబు పాత ముచ్చట్ల ఉన్నది, గోరు అడ్డంగ సాఫుగ కత్తిరియ్యాలె, మూలలు గుండ్రగ తవ్వొద్దు, చీముంటే దవాఖానకు. ముచ్చట మడిమె మీదికి తేండి.

చండూరు చిన్నోడు:
మూడు వారాలైంది, చెప్తమని వచ్చిన. ఆదివారం పోయి అన్నీ చూపిచ్చిన. తువ్వాల గుంజుడు మంచిగనే చేస్తుంది. బాటిల్ ఫ్రిజ్జుల పెడ్తే మా చెల్లె పిల్లలు తాగుదామని తీస్తున్నరు, దాని మీద అమ్మ బాటిల్ అని రాసిన. నల్లగొండల ఎముకల డాక్టర్‌కు గూడ చూపిచ్చినం, ఆయన గూడ మూడో సూది వద్దనే అన్నడు, నొప్పి గోలీలు బంద్ చేపిచ్చిండు. పొద్దుగాల నొప్పి సగానికి వచ్చిందంటుంది.

గని ఇంట్ల చెప్పులు అంటే అసలే ఒప్పుకోలే. ఇంట్ల చెప్పులేసుకొని తిరిగితే లచ్చిమి నిలుస్తదారా, వంటింట్లకు చెప్పుతోటి పోతే నీళ్ళెట్ల ముడ్త అని. కొట్లాడినంత పనైంది. నా పైసలు పెట్టి తెచ్చిన జత దర్వాజ బయటనే పడున్నది.

ఉద్దాలోళ్ల పిలగాడు:
అన్నా, అది తెచ్చింది బజార్ల చెప్పు, రోడ్డు ముట్టిన షాపుల చెప్పు, అమ్మ మాట తప్పు గాదు. మేం ఇసొంటోళ్లకు వేరే చేస్తం. ఎంసీఆర్ అని మెత్తటి రబ్బరు ఉంటది, మొదలు కుష్టు పేషెంట్లకు, తర్వాత షుగరోళ్లకు దాంతోనే చేస్తున్నరు, బొటనేలుతోటి ఒత్తితే దిగి మళ్ళ లేస్తది. తోలు పెట్టం, మొలలు కొట్టం, అతికించి దారంతోటి కుడ్తం, షుగరోళ్లకైతె మొల అస్సలు ఉండొద్దు, లేసి గుచ్చుకున్నా తెల్వదు. ఎనక పట్టీ పెడ్తం, జారకుంట. కొలత మాపటిపూట తీయాలె, అప్పటికి కాలు జర ఉబ్బుతది. తెల్ల కాయితం మీద అమ్మ కాలు పెట్టిచ్చి పెన్సిల్ నిలవెట్టి గీసి పంపు, రెండు కాళ్ళూ, రెండు ఒక్క తీరుగ ఉండవు. ఇంటి గడప దాటనియ్యొద్దు ఆ జతను, గంతే, అది చెప్పు గాదనుకోమను, పీట అనుకోమను.

చండూరు చిన్నోడు:
కాయితం పంపిన, జత వచ్చింది. ముచ్చటేందంటే అమ్మ దాన్ని డబ్బాలకెల్లి తీసి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక పూట దేవుని అర్ర ముందల పెట్టి, మాపటికి ఏసుకున్నది. ఏం అనలే నేను. ఇప్పుడు వంటింట్ల గూడ ఏసుకొనే తిరుగుతుంది, దేవుని అర్ర కాడ మాత్రం ఇడుస్తది. పక్కింటి పెద్దమ్మ గూడ కాయితం మీద కాలు గీయమంటుంది, పంపాల్నా?

ఉద్దాలోళ్ల పిలగాడు:
పంపు అన్నా. పెద్దమ్మకు షుగర్ ఉన్నదా లేదా కాయితం మీద రాయి. అమ్మ జత ఆరు నెలలకొకసారి బొటనేలుతోటి ఒత్తి చూడు, గుంత పడి లేవకుంటే నాకు పంపు, పట్టీలు అవే ఉంచి కింద రబ్బరు మారుస్త.